కామెరూన్ కొండల బెరడు చెట్టు కథ

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ముందు పేజీల్లో ఉన్నాయి. అవి చూసి అలిసిపోయిన వాళ్లు ఈ వ్యాసం చదవండి. ఇది చాలా దూరదేశం చెట్టు చరిత్ర. దూరదేశం చెట్టుతో మనకేం పని అని అడగకండి. నరమామిడి బెరడు కొనుగోలుకి సమాఖ్య నిధి నుంచి అప్పు ఇవ్వాలా వద్దా అనే విషయం ఈసారి మహాసభలో చర్చకు వస్తోంది. ఇలాంటి బెరడు వ్యాపారమే ముప్ఫై నలభై ఏళ్లు నడిచిన చోట ఏం జరిగిందో తెలిస్తే ఆ రోజు మాట్లాడటానికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చెట్టు పేరు. సైన్సు వాళ్లు పెట్టిన పేరు ప్రూనస్ ఆఫ్రికానా. ప్రూనస్ అంటే ఒక పెద్ద కుటుంబం అనుకోండి. బాదం, చెర్రీ, పీచ్, ఆల్‌బుఖారా అన్నీ ఆ ఇంటి పిల్లలే. మనం బడి ముందు, వీధి చివర చూసే బాదం చెట్టు మాత్రం ఆ కుటుంబం కాదు, అది వేరే జాతి. అసలు బాదం చలి దేశాల్లో పండుతుంది. కేకుల మీద పెట్టే ఎర్ర చెర్రీలు కూడా చాలావరకు చెర్రీలు కావు, మన వాక్కాయలనే పంచదార పాకంలో వేసి రంగు పట్టించి అమ్ముతారు. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన పొలం గట్టు మీద కాసే కాయకి అంత పెద్ద పేరు!

ఈ కుటుంబంలో చాలా చెట్లు చలి దేశాలవే. కానీ కొన్ని వేడి దేశాల ఎత్తు కొండల్లో అడవి చెట్లుగా పెరుగుతాయి. అందులో ఎక్కువ పేరున్నది ఈ ఆఫ్రికా చెట్టు. కామెరూన్, కెన్యా, ఉగాండా, టాంజానియా, ఇథియోపియా, మడగాస్కర్, ఇంకా దక్షిణాఫ్రికా దాకా ఉంది. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన, 3000 మీటర్ల దాకా మంచు పట్టే కొండల మీద పెరుగుతుంది. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. ముప్ఫై మీటర్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎత్తుకి పోతుంది. ఆకు నలిపితే చేదు బాదం వాసన వస్తుంది. బెరడు నల్లగా, ముక్కలు ముక్కలుగా పగిలి ఉంటుంది. కామెరూన్ కొండ దగ్గర ఉండే బక్వేరి జనం దీన్ని వొటాంగే అంటారు. కెన్యాలో కికుయు వాళ్లు ముయిరి అంటారు. కలప గట్టిది, బరువైనది. గొడ్డళ్లకి, పారలకి కామ వేసుకోవడానికి, పొయ్యిలోకి వాడేవారు. బెరడు కాచి కడుపునొప్పికి, జ్వరానికి, ఛాతీ నొప్పికి, మూత్రం ఇబ్బందికి తాగేవారు. కావలసినంత గీకి తెచ్చుకునేవారు, చెట్టుకి పెద్దగా తెలిసేది కాదు.

తెల్లవాళ్ల పుస్తకాల్లోకి ఈ చెట్టు 1860లలో ఎక్కింది. గుస్తావ్ మాన్ అనే జర్మన్ ఆయన ఆ కొండల్లో తిరిగి కొమ్మలు, ఆకులు సేకరించి లండన్ దగ్గర ఉన్న క్యూ తోటకి పంపాడు. అక్కడ హుకర్ అనే శాస్త్రవేత్త పైజియం ఆఫ్రికానమ్ అని పేరు పెట్టాడు. ఆ పైజియం అనే మాట మన పక్కనే పుట్టింది. శ్రీలంకలో, మన పశ్చిమ కనుమల్లో ఇదే కుటుంబం చెట్టు ఒకటి ఉంది. 1788లో ఒక జర్మన్ పండితుడు ఆ శ్రీలంక చెట్టు కాయ చూసి ఆ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకి అర్థం పిరుదులట. కాయ మధ్యలో గాడి పడి రెండు భాగాలుగా ఉంటుంది, అందుకని. ఎంత చదువుకున్నా మగవాళ్ల బుద్ధి అంతే అని మా సంఘంలో ఒక పెద్దావిడ అంది. 1965లో కాల్క్‌మన్ అనే డచ్చి ఆయన మళ్లీ పరిశీలించి ఇది వేరే కుటుంబం కాదు, ప్రూనస్సే అని తేల్చాడు. అయినా మందుల పెట్టెల మీద ఇప్పటికీ పైజియం అనే ఉంటుంది.

కాల్క్‌మన్ పేరు మార్చిన మరుసటి ఏడే ఈ చెట్టు రాత కూడా మారింది. 1966లో ఫ్రాన్సులో జాక్ డెబా అనే ఆయన ఈ బెరడు సారం మీద పేటెంటు తీసుకున్నాడు. వయసు మళ్లిన మగవాళ్లకి మూత్రం ధారగా రాదు, రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేవాల్సి వస్తుంది. ప్రోస్టేట్ అనే గ్రంథి ఉబ్బడం వల్ల వచ్చే బాధ అది. మన ఇళ్లలో కూడా మామగార్లకి, తాతలకి చూస్తూనే ఉన్నాం. దానికి ఈ బెరడు సారం గుళికలుగా చేసి టాడెనాన్ అనే పేరుతో అమ్మారు. ఇటలీలో ఇంకో కంపెనీ ఇంకో పేరుతో అమ్మింది. యూరప్‌లో ముసలివాళ్లు ఎక్కువ, డబ్బూ ఉంది. మందు బాగా పోయింది.

మందు పని చేస్తుందా అని అడిగితే, కొంత చేస్తుంది. 2002లో అప్పటిదాకా జరిగిన 18 పరీక్షలు, 1562 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. ఓ మోస్తరు ఉపశమనం ఉందని, రోగం పూర్తిగా పోయేది కాదని తేలింది. అంటే తాగుతూనే ఉండాలి. వ్యాపారానికి ఇంతకన్నా మంచి మందు ఏముంటుంది?

ఇక్కడ మన లెక్క వేసుకుందాం. రెండు వేల కిలోల పచ్చి బెరడు ఎండితే వెయ్యి కిలోలవుతుంది. ఆ వెయ్యి కిలోల నుంచి సారం తీస్తే ఐదు కిలోలు వస్తుంది. మనిషికి రోజుకి 100 మిల్లీగ్రాములు. అంటే ఐదు కిలోలు యాభై వేల రోజులకి సరిపోతాయి, దాదాపు 137 మందికి ఒక ఏడాది. ఒక్కో పెద్దాయన ఏడాది మందుకి పచ్చి బెరడు పధ్నాలుగున్నర కిలోలన్నమాట. పద్ధతిగా తీస్తే ఒక పెద్ద చెట్టు నుంచి ఒక విడతలో యాభై అరవై కిలోలు వస్తుంది. ఈ లెక్కన ఒక్క చెట్టు నలుగురు పెద్దవాళ్లకి ఒక ఏడాది మందు. తర్వాత ఆ చెట్టుని కొన్నేళ్లు ముట్టుకోకూడదు. యూరప్‌లో ముసలివాళ్లు ఎంతమంది, కొండ మీద చెట్లు ఎన్ని? ఈ ప్రశ్న మొదట్లోనే ఎవరైనా కాగితం మీద వేసి చూసి ఉంటే తెలిసేది. చెట్లు లెక్కపెట్టే పని చాలా ఏళ్లకి గానీ మొదలు కాలేదు.

1972లో కామెరూన్‌లో ముటెంగెనే అనే ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టారు. దాని పేరు ప్లాంటెకామ్, ఫ్రెంచి మందుల కంపెనీకి అనుబంధం. పక్కనే కామెరూన్ కొండ, నాలుగు వేల మీటర్లకి పైన ఎత్తు, అది నిప్పుల కొండ కూడా. మొదట్లో బెరడు తీసే అనుమతి ఆ ఒక్క కంపెనీకే ఉండేది. వాళ్లు పనివాళ్లకి ఒక పద్ధతి నేర్పారు. చెట్టు మొదలు చుట్టూ నాలుగు భాగాలు అనుకోవాలి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాల్లోనే బెరడు తీయాలి, మిగతా రెండూ ముట్టుకోకూడదు. మొదటి కొమ్మ దాకా తీయొచ్చు, పైకి పోకూడదు. తీసేటప్పుడు లోపలి పల్చని పొరకి కత్తి తగలకూడదు. నాలుగైదేళ్లయ్యాక, తీసిన చోట కొత్త బెరడు కట్టాక, మిగిలిన రెండు భాగాలు తీయాలి. సన్న చెట్లని వదిలేయాలి.

ఈ పద్ధతి ఎందుకంటే, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగేది బెరడు లోపలి పొర గుండానే. చుట్టూరా తీసేస్తే వేళ్లకి కూడు అందదు. చెట్టు వెంటనే చావదు, ఆకులు పచ్చగానే కనిపిస్తాయి, నెమ్మదిగా పైనుంచి ఎండుతూ వస్తుంది. ఈ చెట్టు మిగతా వాటికన్నా ఓర్పు గలది, కొంత బెరడు మళ్లీ కట్టుకుంటుంది. ఆ ఓర్పే దానికి చేటైంది అనిపిస్తుంది నాకు. చూసినవాడికి ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది.

1985 తర్వాత ప్రభుత్వం ఇంకో యాభై మంది దాకా వ్యాపారులకి అనుమతులు ఇచ్చింది. ఒక్క కంపెనీ చేతిలో ఉండకూడదు, దేశం వాళ్లకి కూడా లాభం రావాలి అన్నది వాళ్ల ఉద్దేశం. మాట మంచిదే. కానీ అనుమతి కాగితం ఇచ్చారు గానీ, ఎవరు ఏ కొండలో, ఎంత, ఎలా తీస్తున్నారో చూసే మనుషుల్ని పెట్టలేదు. అదే సమయంలో అక్కడ ఇంకో దెబ్బ పడింది. ఆ ఎత్తు ప్రాంతాల రైతులు కాఫీ పండించేవారు. 1989లో ప్రపంచ దేశాల కాఫీ ఒప్పందం కూలిపోయి ధర పడిపోయింది. మన పాడేరు, చింతపల్లి వైపు కాఫీ తోటలున్న అక్కలకి ఇది వివరించక్కర్లేదు, కాఫీ ధర పడితే ఇంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. పైగా 1994 జనవరిలో వాళ్ల రూపాయి విలువ ఒక్కరోజులో సగం చేశారు. వాళ్ల డబ్బుని ఫ్రాంక్ అంటారు. బడి ఫీజులకి, ఆసుపత్రికి డబ్బు కావాలి. కాఫీ లేదు. కొండ మీద బెరడు ఉంది, ఊరి చివర దాకా లారీ వస్తోంది.

ఇక పద్ధతి ఎవరు చూస్తారు? సగం బెరడు తీసి నాలుగేళ్లు ఆగితే, రేపొద్దున ఇంకొకడొచ్చి మిగతా సగం తీసుకుపోతాడు. అందుకని మొదటివాడే మొత్తం తీసేశాడు. కొమ్మల దాకా, చుట్టూరా. కొన్నిచోట్ల చెట్టునే పడగొట్టారు, అలా చేస్తే పై కొమ్మల బెరడు కూడా వస్తుంది కాబట్టి ఎన్నో రెట్లు ఎక్కువ. మడగాస్కర్‌లో కూడా ఇలాగే నరికారు. చెట్టెక్కి తీసేవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. వాళ్లని దొంగలు అనడం తేలిక. వాళ్లకి కిలోకి దక్కింది చాలా కొంచెం, దళారి దగ్గర పెరిగింది, ఫ్యాక్టరీ దగ్గర ఇంకా పెరిగింది, సీసాలో గుళికలయ్యాక ఆ కుర్రాడి ఊహకి అందనంత. ఆ గుళిక ఎవరికి, ఏ రోగానికి పోతోందో కూడా చాలామందికి తెలియదు.

1980ల చివర్లో, 90ల మొదట్లో ఆ ఒక్క ఫ్యాక్టరీకే ఏడాదికి రెండు వేల టన్నులకి దగ్గరగా బెరడు చేరేది. వాయవ్య కామెరూన్‌లో ఓకు కొండ మీద కీలుమ్ ఇజిమ్ అనే అడవి ఉంది. అక్కడ చాలా చెట్లు ఎండిపోయాయి. ఆ అడవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా కనిపించని బ్యానర్‌మన్ టురాకో అనే ఎర్ర రెక్కల పిట్ట ఉంది, అది అడవి పళ్లు తిని బతుకుతుంది. కొండ కోతులు కూడా ఈ పళ్లు తింటాయి. చెట్టు పోతే వాటి తిండి పోతుంది. విత్తనాన్ని దూరం మోసేది కూడా ఆ పిట్టలే, కోతులే.

1994లో ప్రపంచ దేశాలు కూర్చుని ఈ చెట్టుని సైటిస్ అనే ఒప్పందం రెండో జాబితాలో పెట్టాయి. ఆ జాబితాలో ఉన్న సరుకు దేశం దాటాలంటే, దీన్ని తీయడం వల్ల చెట్టు జాతికి ముప్పు లేదని ప్రభుత్వం కాగితం ఇవ్వాలి. కామెరూన్‌లో అదే ఏడాది కొత్త అటవీ చట్టం వచ్చింది. ఊరి జనం తమ పేరున అడవి తీసుకుని చూసుకునే వీలు అందులో కల్పించారు.

నాకు బాగా నచ్చినది తర్వాత జరిగిన ముక్క. కామెరూన్ కొండ కింద మపాంజా అనే చిన్న ఊరు ఉంది. 1990ల చివర్లో అక్కడ బెరడు తీసేవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. అప్పటిదాకా ఒక్కొక్కరు చాటుగా తీసి దళారికి వేసేవారు. సంఘం పెట్టాక నేరుగా ఫ్యాక్టరీతోనే ఒప్పందం రాసుకున్నారు. సభ్యులకే తీసే హక్కు, సభ్యులందరికీ పద్ధతి మీద శిక్షణ, తూకం అందరి ముందు, అమ్మిన దాంట్లో కొంత ఊరి నిధికి. చాటుగా వచ్చేవాళ్లని వాళ్లే పట్టుకునేవారు. ఇది చదువుతుంటే మన గ్రామ సంఘం నియమాలు చదివినట్టే అనిపించింది. ఇరవై మంది కూర్చుని తీర్మానం రాసుకుంటే దళారి ఆట ఎలా కడుతుందో మనకి కొత్త కాదు కదా. తర్వాత కొండ చుట్టూ ఉన్న ఊళ్లు కూడా కలిసి పెద్ద సంఘం అయ్యాయి, మన మండల సమాఖ్య లాగ.

కానీ కథ అక్కడ సుఖాంతం కాలేదు. 2000లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఒప్పందం రాసుకున్న కొనుగోలుదారే లేకుండా పోయాడు. ఎండబెట్టిన బెరడు వేరే వ్యాపారుల చేతుల మీదుగా విదేశాలకి పోసాగింది. 2007లో యూరప్ దేశాలు కామెరూన్ నుంచి బెరడు కొనడం ఆపేశాయి. ఎన్ని చెట్లున్నాయో, ఎంత తీస్తే ముప్పు లేదో మీ దగ్గర లెక్క లేదు అన్నారు. ఆ లెక్క లేని పాపం ఊరి సంఘాలది కాదు, కానీ పని పోయింది వాళ్లకే. పద్ధతిగా తీసినవాడు, నరికినవాడు ఒకే గాటన కట్టబడ్డారు.

ఆ తర్వాత చెట్ల లెక్కలు గట్టిగా తీశారు. అడవిలో గీతలు గీసుకుని నడిచి, ఒక్కో చెట్టు కొలిచి, ఎంత ఎండిందో, ఎంత బెరడు మందం ఉందో రాశారు. అడవిని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ఏడాది ఒక్కో ముక్కలోనే తీయాలన్నారు. ఏడాదికి ఇన్ని టన్నులు దాటకూడదని కట్టడి పెట్టారు. నాలుగైదేళ్ల విరామం చాలదని, కొత్త బెరడు సరిగా కట్టడానికి ఏడెనిమిదేళ్లు కావాలని కొలిచినవాళ్లు చెప్పారు. దాని మీద మళ్లీ అమ్మకాలు మొదలయ్యాయి, ముందున్నంత కాదు. 2016 చివరి నుంచి ఆ ప్రాంతంలోనే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకీ ప్రభుత్వానికీ గొడవలు పెరిగి తుపాకుల దాకా పోయింది. అలాంటప్పుడు కొండెక్కి చెట్లు కొలిచేదెవరు?

చెట్లు నాటలేదా అంటే, నాటారు. 1970ల నుంచే వాయవ్య కామెరూన్ రైతులు కాఫీ తోటల్లో, పొలం గట్ల మీద నాటుకున్నారు. నైరోబీలో ఉన్న వ్యవసాయ అడవుల పరిశోధన సంస్థ కూడా నర్సరీల మీద పని చేసింది. ఇబ్బంది ఏమిటంటే ఈ విత్తనం నిల్వ ఉండదు, పండిన కొన్ని వారాల్లోనే విత్తకపోతే మొలవదు. పెద్ద చెట్లన్నీ బెరడు పోయి ఎండితే పళ్లే ఉండవు, విత్తనం ఎక్కడిది? మొక్క నాటితే బెరడు తీయడానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. ఇంకో చిక్కు కాగితాలది. తన పొలంలో తన చేత్తో నాటిన చెట్టు బెరడు అమ్మాలన్నా, ఇది అడవిది కాదు, నాటినది అని రుజువు చూపించాలి. చిన్న రైతుకి ఆ కాగితం తెచ్చుకోవడం కొండెక్కడం కన్నా కష్టం.

ఇక మన సంగతి. మన వైపు తపసి బంక అనుభవం పెద్దవాళ్లకి తెలుసు. ఒకప్పుడు ఎక్కువ బంక రావాలని గొడ్డలితో లోతుగా నరికేవారు, చెట్లు పుచ్చి పడిపోయేవి. తర్వాత పైపైన చిన్న గాటు పెట్టి, శుభ్రంగా తీసే పద్ధతి నేర్పించారు. పద్ధతిగా తీసిన తెల్లని బంకకి ధర కూడా ఎక్కువ పలికింది. నరమామిడికి అలాంటిదేమీ మన ఊళ్లలో జరగలేదు. అగరుబత్తి పిండి పుల్లకి పట్టాలంటే జిగట్ పొడి కావాలి, ఆ పొడి వచ్చేది ఈ బెరడు నుంచే. మన సమాఖ్యలోనే అగరుబత్తులు చుట్టే సంఘాలు ఉన్నాయి కాబట్టి బెరడు వద్దు అని గుడ్డిగా అనే మాట కాదిది. కానీ మా ఊరి పోడు దారిలో ఈ ఏడాది నేను చూసిన నరమామిడి చెట్లలో చుట్టూరా బెరడు లేనివి చాలా ఉన్నాయి. ఒక వ్యాపారి వచ్చి ఎంత తెచ్చినా కొంటానని, ముందుగా డబ్బు ఇస్తానని చెప్పి వెళ్లాడు. పేరు అనవసరం. ఎంత తెచ్చినా అన్న మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

అప్పు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ముందు ప్రతి గ్రామ సంఘం తన పరిధిలో బెరడు తీయదగ్గ నరమామిడి చెట్లు ఎన్ని ఉన్నాయో నడిచి లెక్క రాయాలని, చుట్టూరా తీసిన బెరడు మన కాటా మీద పెట్టకూడదని, వ్యాపారి దగ్గర ముందస్తు డబ్బు ఎవరూ తీసుకోకూడదని మా గ్రామ సంఘం తీర్మానం రాసింది. ఏడు ఊళ్లలో రెండు ఊళ్ల లెక్క అయింది. మిగతా ఐదు ఊళ్ల అక్కలు మహాసభ లోపు పూర్తి చేసి పుస్తకం పట్టుకురండి. చెట్టు దగ్గర చెయ్యి చాచి చుట్టుకొలత చూడండి, బెరడు పోయిన వైపు ఏదో, ఎంత మేర పోయిందో కూడా రాయండి. రాయడం రానివాళ్లు బడి పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లకి కొండ మీదికి పోవడం సరదానే.